బీపీ నార్మల్ వచ్చేసిందని మాత్ర ఆపేస్తున్నారా?

తిరుపతిలో ఏ మెడికల్ షాపు దగ్గరైనా కాసేపు నిలబడండి, ఒక మాట ఖచ్చితంగా చెవిన పడుతుంది. "బీపీ నార్మల్ వచ్చేసిందన్నా, 120/80 ఉండాది, ఇంక మాత్ర దేనికి, ఆపేసినా." నేను కౌంటర్ వెనకాల పనిచేసే మనిషిని, ఈ మాట వింటానే ఉంటా. చెప్పేవాళ్ళు చదువు లేనోళ్ళేం కాదు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంట్లో నర్సింగ్ చదివే పిల్లలు ఉన్నోళ్ళు కూడా ఇదే చెప్తారు. జ్వరం తగ్గితే మాత్ర ఆపేస్తాం కదా, ఇదీ అంతే అని వాళ్ళ లెక్క. కానీ ఆ 120 మాత్ర వేసుకుంటున్నందువల్ల వచ్చిన 120, జబ్బు పోయినందువల్ల వచ్చింది కాదు. చాలామందికి ఈ ఒక్క విషయం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, జనాన్ని బాగా మోసం చేసేది అదే. చాలామంది వాడేది అమ్లోడిపిన్. అది ఒంట్లోంచి చాలా నిదానంగా పోతుంది, ఉన్న మందులో సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. సోమవారం మాత్ర మానేసిన మనిషి బుధవారం పోయి చూపించుకుంటే నంబర్ బాగానే ఉంటుంది, ఎందుకంటే పాత మందు ఇంకా పనిచేస్తా ఉంది. "చూసినావా, మాత్ర లేకపోయినా నార్మలే" అని ధైర్యం వచ్చేస్తుంది, ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పేస్తారు. వారం పది రోజులకి మందు పూర్తిగా పోయి మెల్లగా 150, 160 ఎక్కేటప్పటికి మాత్రం చూపించుకోవడం మానేసి ఉంటారు, ఒంట్లో తేడా ఏమీ తెలియదు కాబట్టి.

తేడా తెలియకపోవడమే ఈ జబ్బులో అసలు కష్టం. తల తిరిగితే, మెడ పట్టేస్తే, కోపం ఎక్కువైతే బీపీ అని మనవాళ్ళు అనుకుంటారు, చాలామందికి అవేవీ ఉండవు, 170 ఉన్నా హాయిగా టిఫిన్ తిని పనికి పోతారు. గుండె రోజుకి దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది, కొట్టుకున్న ప్రతిసారీ ఆ ఒత్తిడి రక్తనాళాల గోడల మీద పడుతుంది. మామిడి తోటకి డ్రిప్ వేసినోళ్ళకి ఇది ఈజీగా అర్థమవుతుంది, మోటారు ప్రెజర్ ఎక్కువైతే పైపు ఆ రోజే పగలదు, సన్న పైపుల జాయింట్ల దగ్గర రోజూ కొంచెం కొంచెం దెబ్బ తింటా పోతుంది, చెట్టుకి నీళ్ళు మాత్రం బాగానే పోతున్నట్టు కనిపిస్తాయి. మన ఒంట్లో సన్న నాళాలు ఎక్కువ ఉండేది మెదడు, కిడ్నీ, కంటి వెనక పొర, అందుకే బీపీ దెబ్బ వాటి మీద అంతగా పడుతుంది. ఇక గుండె అయితే ఎదురొత్తిడి మీద తోసీ తోసీ కండ మందమైపోతుంది. పది లక్షల మంది లెక్కలు కలిపి 2002లో లాన్సెట్ పత్రికలో వచ్చిన స్టడీ ప్రకారం 40 నుంచి 69 ఏళ్ళ వయసు వాళ్ళలో 115/75 నుంచి మొదలుపెట్టి పై నంబర్ 20 పెరిగినప్పుడల్లా, లేదా కింది నంబర్ 10 పెరిగినప్పుడల్లా గుండెపోటు, పక్షవాతంతో చనిపోయే రిస్కు రెండింతలు అవుతుంది.

"వయసుకి వంద కలుపుకోవాలి, 60 ఏళ్ళోడికి 160 ఉంటే మామూలే" అని పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఒకప్పుడు డాక్టర్లు కూడా దాదాపు ఇలాగే అనుకునేవాళ్ళు. అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కి 1944లో బీపీ 186/108 ఉన్నింది, ఆయన దగ్గర పెద్ద పెద్ద డాక్టర్లు ఉన్నా గట్టిగా తగ్గించే మందు అప్పటికి లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై చనిపోయిన రోజు ఆయన బీపీ 300/190. ప్రపంచ యుద్ధం నడిపిన మనిషికి దొరకని మందు ఈ రోజు మన పీహెచ్‌సీలో, ఊళ్ళోకి 104 బండి వచ్చినప్పుడు ఫ్రీగా ఇస్తున్నారు. దాన్ని తెచ్చుకుని డబ్బాలో పెట్టేస్తే ఎంత బాధేస్తుందో చెప్పలేను.

సరే, అసలు నంబర్ కరెక్టుగా వస్తోందా అనేది ముందు చూడాలి. మా దగ్గరికి మనుషులు ఎట్లా వస్తారో చెప్తా. ఎండలో బండి తోలుకుంటా వచ్చి, దిగీ దిగగానే స్టూల్ మీద కూలబడి, ఫుల్ హ్యాండ్స్ చొక్కా పైనే పట్టీ చుట్టమంటారు. ఒళ్ళో సంచీ, కాలు మీద కాలు, చెయ్యి గాల్లో వేలాడతా ఉంటుంది. మిషన్ గాలి కొడతా ఉంటే ఫోన్‌లో "ఆ మామా, వచ్చేస్తాండా, బస్టాండు కాడ ఉండా" అని మాట్లాడతా ఉంటారు. దాంట్లో 156 వస్తే అది ఆయన బీపీనా, ఆ హడావుడిదా? మాట్లాడితే ఒక పది పాయింట్లు పెరగొచ్చు, ఒంటేలు ఆపుకుని కూర్చుంటే పెరుగుతుంది, చేతికి ఆసరా లేకపోతే పెరుగుతుంది, లావు చేతికి చిన్న పట్టీ కడితే ఇంకా ఎక్కువ చూపిస్తుంది. ఈ 156 చూసి ఒకాయన డోసు పెంచుకుంటాడు, ఇంకొకాయన ఇంట్లో 128 వచ్చింది కాబట్టి మిషన్లన్నీ దొంగవే అని మాత్ర మానేస్తాడు.

కరెక్టు పద్ధతి కష్టమేం కాదు. టీ, కాఫీ, బీడీ అయిపోయి అరగంట అయ్యుండాలి, బాత్రూంకి పోయొచ్చి, వీపు ఆనించి, పాదాలు రెండూ నేల మీద పెట్టి, 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చొక్కా చెయ్యి తీసేసి పట్టీ నేరుగా చర్మం మీద, చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద, నోరు మూసుకుని. ఒకటి రెండు నిమిషాల గ్యాప్‌తో రెండు సార్లు చూసి యావరేజ్ తీసుకోవాలి. ఇంట్లో మిషన్ కొనుక్కుంటే మణికట్టుకి కట్టేది వద్దు, పై చేతికి కట్టేది తీసుకోండి. డాక్టర్ దగ్గరికి పోయే ముందు ఒక వారం రోజులు పొద్దున మాత్ర వేసుకోకముందు, మళ్ళీ సాయంత్రం చూసి కాగితం మీద రాసిపెడితే, ఆ కాగితం క్లినిక్‌లో చూసే ఒక్క రీడింగ్ కంటే చాలా విలువైంది. కొంతమందికి డాక్టర్‌ని చూస్తేనే పెరుగుతుంది, ఇంకొంతమందికి క్లినిక్‌లో బాగుండి ఇంట్లో ఎక్కువుంటుంది, ఈ రెండో రకం వాళ్ళు ఎవరి కంటా పడరు. క్లినిక్‌లో 140/90 దాటితే, ఇంట్లో యావరేజ్ 135/85 దాటితే బీపీ ఉన్నట్టు లెక్క. అమెరికా వాళ్ళు 2017లో ఆ గీతని 130/80కి దించేసినారు.

ఇప్పుడు తిండి. సంగటి మంచిదే, రాగి గురించి నేను ఒక్క మాట అనను, కానీ సంగటి ముద్ద పక్కన ఏముందో చూడాలి. ఊరిబిండిలో ఉప్పు, పులుసులో ఉప్పు, నంజుకోడానికి ఊరగాయ, అప్పడం, మజ్జిగలో మళ్ళీ చిటికెడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు అంటుంది, అంటే ఒక టీ స్పూను, అన్నీ కలిపి. మీ ఇంట్లో ఎంత పడుతోందో తెలుసుకోడానికి ల్యాబ్ అక్కర్లేదు, ఉప్పు ప్యాకెట్ ఓపెన్ చేసిన రోజు దాని మీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో కేజీ ప్యాకెట్ నెలకే అయిపోతే మనిషికి రోజుకి 8 గ్రాముల పైనే పడినట్టు, ఇందులో బయట కొన్న మిక్చరు, బజ్జీ, బిర్యానీ లెక్కలేదు. నలుగురికి 5 గ్రాముల చొప్పున అయితే నెలకి 600 గ్రాములే. సైంధవ లవణం, పింక్ సాల్ట్ వాడుతున్నాం కదా అంటారు, పేరు ఏదైనా అందులో ఉండేది దాదాపు అంతా సోడియం క్లోరైడే, బీపీకి తేడా ఏమీ లేదు.

నిజంగా తేడా ఉండేది కొంచెం సోడియం తీసేసి పొటాషియం కలిపిన ఉప్పు. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద చేసిన స్టడీ 2021లో వచ్చింది, ఈ ఉప్పు వాడిన ఊళ్ళల్లో పక్షవాతాలు 14 శాతం తగ్గినాయి. అయితే కిడ్నీ జబ్బు ఉన్నోళ్ళు, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా దాని జోలికి పోకూడదు, రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయే తప్పుతుంది. ఇంక బరువు తగ్గడం, రోజూ నడక, తాగుడు మానడం మీకు తెలిసినవే, పనిచేస్తాయి కూడా, బరువు కేజీ తగ్గితే ఇంచుమించు ఒక పాయింట్ తగ్గుతుంది. రాత్రి గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్ళు మాత్రం అది తప్పకుండా చూపించుకోవాలి, మూడు మాత్రలకీ లొంగని బీపీ వెనక చాలాసార్లు ఆ గురకే ఉంటుంది.

మాత్రల గురించి ఉన్న భయం అర్థం చేసుకోదగ్గదే. "ఇంగ్లీషు మందు అలవాటైపోతే జీవితాంతం వదలదు" అంటారు. బీపీకి బాగా పనిచేసిన తొలి మందుల్లో ఒకటి మన సర్పగంధ వేరు నుంచి వచ్చిందే, బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో దాని మీద రాస్తే ప్రపంచమంతా చూసింది, 1952లో అందులోంచి రెసర్పిన్ తీసినారు. తర్వాత దాన్ని ఎందుకు పక్కన పెట్టినారంటే కొంతమందికి మనసు బాగా కుంగిపోయేది, అంతకంటే మంచివి వచ్చినాయి. బ్రెజిల్‌లో ఒక రకం పాము కరిస్తే బీపీ పడిపోతుంది, ఆ విషం మీద జరిగిన పరిశోధన నుంచి కాప్టోప్రిల్ పుట్టి 1981లో అమెరికాలో పర్మిషన్ తెచ్చుకుంది, ఈ రోజు రామిప్రిల్, ఎనలాప్రిల్ ఆ వంశమే. కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని వదిలితే దాని వల్ల చివరికి ఆంజియోటెన్సిన్ అనే హార్మోన్ తయారై నాళాలు బిగుసుకుంటాయి, ఒంట్లో ఉప్పు నిలబడిపోతుంది, ఈ మందులు ఆ దారిని మూసేస్తాయి. అమ్లోడిపిన్ నాళం గోడ కండని వదులు చేస్తుంది, క్లోర్‌తాలిడోన్ లాంటివి ఉప్పుని ఒంటేల్లోకి తోసేస్తాయి. ఒక్కోటి ఒక్కో దారిలో పనిచేస్తుంది కాబట్టే ఒకే మాత్ర డోసు పెంచుకుంటా పోకుండా రెండు రకాలు తక్కువ డోసులో కలిపి ఇస్తారు, రెండు మాత్రలు రాసినారంటే జబ్బు ముదిరిపోయిందని కాదు.

ఇబ్బందులు ఉంటాయి, లేవని నేను చెప్పను. అమ్లోడిపిన్‌తో కొంతమందికి కాళ్ళు వాస్తాయి, రామిప్రిల్‌తో కొంతమందికి పొడి దగ్గు వస్తుంది. దానికి దారి మాత్ర మార్పించుకోవడం, మానేయడం కాదు, దగ్గు వచ్చేవాళ్ళకి టెల్మిసార్టాన్ మారిస్తే మామూలుగా తగ్గిపోతుంది. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్ళు, గర్భంతో ఉన్నోళ్ళు టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి వాడుతుంటే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి, కడుపులో బిడ్డకి అవి ప్రమాదం.

మన ఊరికి సంబంధించినవి కొన్ని ప్రత్యేకంగా చెప్పాలి. శనివారం ఒక్కపొద్దు, అందులోనూ పెరటాసి నెల శనివారాలు వస్తే మా కౌంటర్‌లో మాట ఒకటే, "పరగడుపున మాత్ర వేసుకోకూడదు కదా, అందుకే వేసుకోలే." అమ్లోడిపిన్‌కీ టెల్మిసార్టాన్‌కీ తిండితో సంబంధం లేదు, గుక్కెడు నీళ్ళతో వేసుకోవచ్చు, స్వామికి కోపమేం రాదు. షుగర్ మాత్రల సంగతి వేరు, అవి డాక్టర్‌ని అడగాలి. పొద్దునే వేసుకోవాలా రాత్రి వేసుకోవాలా అని కూడా గొడవ పడక్కర్లేదు, బ్రిటన్‌లో 20 వేల మంది పైన చూసిన స్టడీలో రెంటికీ తేడా కనపడలేదని 2022లో తేలింది, మీకు మర్చిపోకుండా ఉండే టైమే మంచి టైం.

అలిపిరి మెట్లు 3,550. బీపీ కంట్రోల్‌లో ఉండి రోజూ నడిచే అలవాటున్నోళ్ళ సంగతి వేరు, 170 పెట్టుకుని మొక్కు ఉందని ఎక్కొద్దు, బస్సులో పోయినా మొక్కు చెల్లుతుంది. దిగొచ్చినాక మోకాళ్ళ నొప్పులకి డైక్లోఫెనాక్ అడుగుతారు, అది బీపీని పెంచుతుంది, టెల్మిసార్టాన్ పనిని తగ్గిస్తుంది, నీళ్ళు సరిగ్గా తాగని మనిషికి కిడ్నీ మీద దెబ్బ వేస్తుంది.

ఎండాకాలం ఇంకో రకం. మన ఎండలకి నాళాలు వదులై, చెమటలో ఉప్పు పోయి బీపీ దానంతటదే కొంచెం తగ్గుతుంది, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. అప్పుడు డాక్టర్ డోసు తగ్గించొచ్చు, అది సరైనదే. కానీ మేలో సొంతంగా ఆపేసినోళ్ళు డిసెంబర్ చలికి మళ్ళీ మొదలుపెట్టరు, బీపీ మాత్రం చలికి పెరుగుతుంది.

ఆఖరుగా, 180 దాటితే ఏం చేయాలి అని చాలామంది అడుగుతారు. ఒంట్లో ఏ బాధా లేకపోతే కూర్చుని మళ్ళీ కరెక్టుగా చూసుకుని, ఆ రోజే డాక్టర్‌ని కలవండి, ఎవరో నాలుక కింద మాత్ర పెట్టి పది నిమిషాల్లో దించేస్తా అంటే ఒప్పుకోకండి, బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకి, గుండెకి రక్తం చాలక దానివల్లే ప్రమాదం వస్తుంది. ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక, మూతి వంకర, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడడం, వీటిలో ఏది ఉన్నా నంబర్ ఎంతైనా సరే 108కి కొట్టి, సీటీ స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికే నేరుగా పోవాలి, వీధి చివర క్లినిక్‌లో ఆగొద్దు. పక్షవాతం గడ్డ వల్లనా రక్తస్రావం వల్లనా అనేది స్కాన్‌లోనే తెలుస్తుంది, గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌కి ఉన్న టైం నాలుగున్నర గంటలే. మనిషి చివరగా బాగా మాట్లాడింది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకుని పోండి, వాడే మాత్రల చీటీ చేతిలో ఉంచుకోండి, అక్కడ మొదట అడిగేవి అవే.