నర్సింగ్ విద్యార్థుల ప్రతిజ్ఞ: ఒక వాక్యం వెనుక చరిత్ర

నర్సింగ్ కళాశాలల్లో కొత్తగా చేరిన విద్యార్థులు చేతిలో దీపంతో నిలబడి చేసే ప్రతిజ్ఞ ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరుతోనే చెలామణిలో ఉన్నా, దాన్ని రాసింది ఆమె కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో, హార్పర్ ఆసుపత్రికి చెందిన ఫరాండ్ శిక్షణ పాఠశాలలో లిస్ట్రా గ్రెటర్ నాయకత్వంలోని బృందం, వైద్యుల హిపొక్రటీస్ ప్రమాణాన్ని నమూనాగా పెట్టుకుని దాన్ని కూర్చింది. హానికరమైన మందు తెలిసి ఇవ్వననీ, రోగి రహస్యాలు బయటపెట్టననీ చెప్పే మాటల పక్కనే, వైద్యుడికి ఆయన పనిలో విధేయతతో తోడ్పడతాననే వాక్యమూ అందులో చేరింది. నర్సు నడవడి గురించిన తర్వాతి చర్చలో చాలా భాగం ఈ వాక్యంతో పేచీయే.

విధేయతకు అంత విలువ రావడానికి కారణం లేకపోలేదు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ పాఠశాల మొదలయ్యేనాటికి, నర్సు అంటే తాగుబోతు, చదువురానిది అనే అపవాదు ఇంగ్లండులో బలంగా ఉండేది. దాన్ని తుడిచేయడానికి అక్కడి నర్సులపై అధికారి అయిన మేట్రన్ వార్డ్‌రోపర్ ఒక్కో శిక్షణార్థి పేరిట పట్టిక పెట్టి, సమయపాలన, నెమ్మది, విశ్వసనీయత, శుభ్రత వంటి గుణాలకూ పనితనంతో పాటే అంచనాలు రాసేవారు. అపవాదు పోవడానికి ఆ పద్ధతి అక్కరకొచ్చిందనే అనుకోవాలి. కాకపోతే మర్యాదనూ నీతినీ ఒకే గాటన కట్టే అలవాటు కూడా దానితోనే వచ్చింది. తలవంచుకుని పనిచేసే అమ్మాయి మంచి నర్సు అనిపించుకుంది, ప్రశ్నించిన అమ్మాయి క్రమశిక్షణ లేనిదైంది.

అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో ఆమోదించిన నియమావళిలో ఈ ఇబ్బంది స్పష్టంగా కనిపిస్తుంది: వైద్యుడి ఆదేశాలను తెలివితో, విధేయతతో పాటించమంటూనే, నీతికి విరుద్ధమైన పనుల్లో పాల్గొనడానికి నిరాకరించమని అది కోరింది. 1973 నాటి సవరణలో విధేయత మాట పోయి, సంరక్షణ అవసరమైన మనుషులకే నర్సు మొదట బాధ్యురాలు అన్న మాట వచ్చింది.

విద్యార్థి స్థితి ఇందులో వేరు. అర్హత ఇంకా రాలేదు, అయినా రోగి పిలిచేది ‘సిస్టర్’ అనే. అమెరికా విద్యార్థి నర్సుల జాతీయ సంఘం 2001లో ఆమోదించిన నియమావళి, తగిన శిక్షణ పొందని ఏ ప్రక్రియనూ విద్యార్థి చేయకూడదని చెప్పింది. చూడటానికి ఇది చిన్న నియమమే. ఇన్‌చార్జి సిస్టర్ పురమాయించినప్పుడు ‘ఇది నాకు ఇంకా నేర్పలేదు’ అనడానికి ఎంత ధైర్యం కావాలో వార్డులో డ్యూటీ చేసినవారికి తెలుసు.

మన దగ్గర చట్టం ముందుగా పట్టించుకున్నది రిజిస్ట్రేషన్‌ను. మద్రాసు ప్రెసిడెన్సీలో 1926 నాటి నర్సులు, మంత్రసానుల చట్టం, 1947లో భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చాక, నీతి నియమావళి 2006లో గానీ పుస్తక రూపం దాల్చలేదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మంత్రసాని కమిషన్ చట్టం నైతికతకూ రిజిస్ట్రేషన్‌కూ కలిపి ఒక బోర్డును ఏర్పాటు చేయమంది. అయితే నర్సుగా రిజిస్టరులో పేరు ఎక్కేది చదువు పూర్తయ్యాకే కాబట్టి, అంతవరకు విద్యార్థి తప్పొప్పులు చూసే బాధ్యత ప్రధానంగా కళాశాలదీ, వార్డులో వెంట ఉండే బోధకురాలిదీ.