ఓటు వచ్చింది, కాలేజీ ఎన్నిక పోయింది

1989 మార్చి 28న రాజ్యాంగ 61వ సవరణ అమల్లోకి రావడంతో దేశంలో ఓటు హక్కు వయసు 21 నుంచి 18 ఏళ్లకు తగ్గింది. ఆ నవంబరులో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో డిగ్రీ చదువుతున్న పిల్లలు కూడా తొలిసారి పోలింగ్ కేంద్రాల ముందు వరుసలో నిలబడ్డారు. దాదాపు ఆ రోజుల్లోనే, అంటే 1980ల చివరలో, క్యాంపస్‌లలో పెరిగిన హింసను కారణంగా చూపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశ్వవిద్యాలయాలు, కళాశాలల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలను నిలిపివేసింది. దేశాన్ని ఎవరు పాలించాలో తేల్చగల వయసు వచ్చిందని ఢిల్లీ చెప్పిన పిల్లలకే, తమ కాలేజీ సంఘానికి కార్యదర్శి ఎవరో తేల్చుకునే వివేకం లేదని హైదరాబాద్ చెప్పినట్లయింది. ఈ రెండు నిర్ణయాలకూ నేరుగా సంబంధం లేదు. అయినా తెలుగు యువత రాజకీయాలను ఎక్కడ, ఎలా నేర్చుకుంటోందన్న ప్రశ్నకు మూలాలు వెతికేవారు ఈ రెండింటి దగ్గర ఆగక తప్పదు.

ఎన్నికలు ఆగకముందు సంగతి ముందుగా చూడాలి. తెలుగు నేల మీద రాజకీయ విద్య కళాశాలల్లో పుట్టలేదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిశాయి. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన తర్వాత ఊరూరా పుట్టిన గ్రంథాలయాల్లో, చదువు వచ్చినవారు పత్రికను పైకి చదువుతుంటే రానివారు విని వాదించుకునేవారు. తర్వాతి అడుగుగా 1930ల్లో నేరుగా ‘రాజకీయ పాఠశాల’ అన్న పేరుతోనే శిక్షణ మొదలైంది. నిడుబ్రోలులో ఎన్.జి.రంగా రైతు కార్యకర్తల కోసం విద్యాలయం నడిపారు. 1937 వేసవిలో ఒంగోలుకు దగ్గరలోని సముద్రతీర గ్రామం కొత్తపట్నంలో సోషలిస్టులు, కమ్యూనిస్టులు యువకులను చేర్చి అర్థశాస్త్రం, రాజకీయాలు బోధించే పాఠశాల పెడితే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధమే ఆ పాఠశాలకు గొప్ప ప్రచారమైంది. అక్కడ చెప్పిన పాఠాల్లో ఎన్ని గుర్తున్నాయో గానీ, పోలీసులు వచ్చి మూయించారన్న పాఠం మాత్రం విద్యార్థులకు జీవితాంతం గుర్తుండి ఉంటుంది.

నిజాం రాష్ట్రంలో ఆ పాఠం మరుసటి ఏడాదే అందింది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాల్లో విద్యార్థులు వందేమాతరం పాడితే అధికారులు అడ్డుకున్నారు, పట్టు వీడని వందలాది మందిని బహిష్కరించారు. వారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలా వెళ్లినవారిలో పి.వి.నరసింహారావు ఒకరు. అదే పి.వి. 1972లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉండగా, తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో కోస్తా, రాయలసీమ విద్యార్థులు ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరే జై ఆంధ్ర ఉద్యమంలోకి దిగారు. 1973 జనవరిలో ఆయన ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. విద్యార్థిగా బహిష్కరణకు గురైన మనిషి పదవిని మరో తరం విద్యార్థులు కదిలించిన ఈ ఉదంతం మన చరిత్ర పుస్తకాల్లో రెండు వేర్వేరు అధ్యాయాలుగా ఉండిపోవడం వింతే.

ఈ మధ్యలో 1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉంది. ఆంధ్ర, తెలంగాణల విలీనం కోసం 1956లో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు ఇచ్చిన రక్షణలు అమలు కాలేదన్న ఆగ్రహం కొత్తగూడెంలో, ఖమ్మంలో మొదలై ఉస్మానియాకు పాకింది. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి, కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజాసమితి పార్టీ ఈ ప్రాంతంలోని 14 స్థానాల్లో 10 గెలుచుకుంది. విద్యార్థి నాయకుడు మల్లికార్జున్ మెదక్ నుంచి పార్లమెంటుకు వెళ్లారు. చదువు చెడిపోతుందని కొందరు తల్లిదండ్రులు పిల్లలను ఊరు దాటించారు. హైదరాబాద్‌లో చదువుతున్న సీతారాం ఏచూరి ఢిల్లీకి చేరింది ఈ అల్లకల్లోలం వల్లే. ఎమర్జెన్సీ ముగిశాక అక్కడి జేఎన్‌యూ విద్యార్థి సంఘం అధ్యక్షుడిగా, ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయ చాన్సలర్ పదవికి రాజీనామా చేయాలన్న వినతిపత్రాన్ని ఆమె సమక్షంలోనే చదివి వినిపించిన యువకుడు ఆయనే.

ఉద్యమాలు ఇలా పదేళ్లకోసారి వచ్చిపోతుంటే, వాటికి సమాంతరంగా ఏటా నడిచిన మరో విద్య విద్యార్థి సంఘాల ఎన్నికలు. నామినేషన్ వేయడం, వ్యతిరేక వర్గం హాస్టల్ గదికి వెళ్లి ఓటు అడగడం, ఓడిన మర్నాడు గెలిచినవాడితో ఒకే బల్ల మీద భోంచేయడం, గెలిస్తే మెస్ లెక్కలకు జవాబు చెప్పడం అన్న చిన్న చిన్న పనులే దాని పాఠ్యాంశాలు. 1973-74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘం అధ్యక్షుడైన ఎం.వెంకయ్యనాయుడు తర్వాతి కాలంలో ఉపరాష్ట్రపతి అయ్యారు. చంద్రబాబు నాయుడు తొలి అడుగులు తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ విద్యార్థి రాజకీయాల్లో పడ్డాయి. అయితే ఈ పేర్లే చెప్పి ఆగితే కథ సగమే అవుతుంది. ఉస్మానియాలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి జార్జిరెడ్డి 1972 ఏప్రిల్ 14న క్యాంపస్‌లోనే హత్యకు గురయ్యారు. ఆ తర్వాతి పదిహేనేళ్లలో వామపక్ష, జాతీయవాద, కుల వర్గాల ఘర్షణల్లో కత్తులు, కర్రలు, తర్వాత నాటు బాంబులు కూడా కనిపించాయి. కొన్ని కాలేజీల్లో నామినేషన్ వేయడమే సాహసమైంది. కాబట్టి ఎన్నికలు ఆపినప్పుడు ఊపిరి పీల్చుకున్నవారిలో అధ్యాపకులు, తల్లిదండ్రులు ఎక్కువగానే ఉన్నారు. వారిని తప్పుపట్టలేం. తప్పు మరోచోట ఉంది. రోగానికి మందు వెతికే పని పక్కనపెట్టి, తాత్కాలికమనుకున్న నిర్ణయాన్ని దశాబ్దాల పాటు పొడిగించారు.

ఆ ఖాళీని మరొకటి చకచకా నింపింది. 1986లో ఎంసెట్ మొదలైంది. ఇంటర్మీడియట్ అంటే ఎంపీసీ లేదా బైపీసీ అన్న అభిప్రాయం మధ్యతరగతిలో స్థిరపడింది. రెసిడెన్షియల్ కాలేజీలు పెరిగాయి. 1990ల తర్వాత ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల సంఖ్య ఉమ్మడి రాష్ట్రంలో 700కు చేరువైంది. పదో తరగతి సాంఘిక శాస్త్రంలో గ్రామసభ, రాజ్యసభ గురించి చదివిన పిల్ల ఆ తర్వాత సీఈసీలోనో హెచ్‌ఈసీలోనో చేరితే తప్ప పౌరశాస్త్రం అన్న మాట మళ్లీ వినదు. అంటే ఆమె చివరి పౌరశాస్త్ర పాఠానికి, తొలి ఓటుకు మధ్య రెండు మూడేళ్ల దూరం ఉంటుంది. ఆ ఏళ్లు తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి టెస్ట్‌తో ముగుస్తాయి. పౌర బాధ్యత నేర్పడానికి ప్రభుత్వం ఏమీ చేయలేదని చెప్పలేం. జాతీయ సేవా పథకం 1969 నుంచి, యూత్ పార్లమెంట్ పోటీలు 1960ల నుంచి నడుస్తున్నాయి. కానీ మొక్కలు నాటడం, రక్తదాన శిబిరం పెట్టడం అధికారికి నచ్చిన పౌరసత్వం. యూత్ పార్లమెంట్‌లో ప్రతిపక్షం వాదన సైతం మాస్టారే రాసిచ్చిన సందర్భాలు ఎన్ని లేవు!

ఎన్నికలు లేకపోయినా పార్టీలకు, సంస్థలకు అనుబంధంగా నడిచే విద్యార్థి సంఘాలు బతికే ఉన్నాయి. ఏఐఎస్‌ఎఫ్, ఎస్‌ఎఫ్‌ఐ, ఏబీవీపీ, ఎన్‌ఎస్‌యూఐ, పీడీఎస్‌యూ జెండాలు ఇప్పటికీ కాలేజీ గేట్ల దగ్గర కనిపిస్తాయి. అయితే ఓటు అడగవలసిన అవసరం పోవడంతో వాటి పని తీరు మారింది. తరగతి గదిలోని మెజారిటీని ఒప్పించడం కన్నా కాలేజీల బంద్‌కు పిలుపునివ్వడం, కలెక్టరేట్ ముందు ధర్నా చేయడం, వినతిపత్రంతో ఫొటో దిగడం సులువైంది. సంఘానికి జవాబుదారీ విద్యార్థికి కాకుండా మాతృసంస్థకు మిగిలింది. క్యాంపస్‌లోకి పార్టీలు రాకూడదని ఎన్నికలు ఆపితే, పార్టీలు మాత్రమే మిగిలాయి.

దేశస్థాయిలో ఈ ప్రశ్న కేరళ కేసు ద్వారా సుప్రీంకోర్టుకు చేరింది. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం.లింగ్డో నాయకత్వంలోని కమిటీ 2006 మేలో నివేదిక ఇచ్చింది, దాని సిఫార్సులను అమలు చేయాలని ఆ సెప్టెంబరు 22న కోర్టు ఆదేశించింది. డిగ్రీ విద్యార్థులకు 17 నుంచి 22, పరిశోధకులకు గరిష్ఠంగా 28 ఏళ్ల వయో పరిమితి, 75 శాతం హాజరు, అభ్యర్థికి రూ. 5,000 ఖర్చు పరిమితి, అచ్చు పోస్టర్లపై నిషేధం అందులో ముఖ్యమైనవి. చేత్తో రాసిన పోస్టర్లే అంటించాలన్న నిబంధన చూసి అప్పట్లో నవ్వినవారున్నారు. ఫ్లెక్సీ మీద నాయకుడి మొహం వేస్తే సరిపోతుంది, చేత్తో రాయాలంటే ఏం రాయాలో ఆలోచించాలి కదా. ఈ నిబంధనల మీద అభ్యంతరాలు ఉండవచ్చు. కానీ హింస, డబ్బు అన్న రెండు సాకులకూ అవి సమాధానం ఇచ్చాయి. అయినా తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎన్నికలు క్రమం తప్పకుండా జరిగే రోజు తిరిగి రాలేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ విషయంలో వైఖరి ఒకటే.

అందువల్ల 2009లో తెలంగాణ ఉద్యమం మళ్లీ రగిలినప్పుడు ఉస్మానియాలో ఎన్నికైన సంఘం లేదు. నవంబరు 29న కె.చంద్రశేఖరరావు అరెస్టు తర్వాత విద్యార్థులు అప్పటికప్పుడు సంయుక్త కార్యాచరణ సమితులు ఏర్పాటు చేసుకున్నారు. ఒక తరం మొత్తం కొత్త రాష్ట్రాల ఏర్పాటుకు సంబంధించిన రాజ్యాంగంలోని మూడో అధికరణాన్ని, పాత ఉద్యమాలను చల్లార్చిన ఆరు సూత్రాల పథకాన్ని, ఉద్యోగాల్లో స్థానికులకు వాటా కల్పించిన రాష్ట్రపతి ఉత్తర్వులను పాఠ్యపుస్తకంలో కాకుండా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నేర్చుకుంది. 2014లో వారిలో బాల్క సుమన్ పెద్దపల్లి నుంచి ఎంపీగా, గాదరి కిశోర్ తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. 1971 నాటి మల్లికార్జున్ దారే ఇది. ఉద్యమం కొందరిని చట్టసభకు పంపింది, మిగిలిన వేలమందిని ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే లైబ్రరీ కుర్చీలకు పంపింది. రోజువారీ పౌర జీవితంలో వారికి చోటు చూపించే సంస్థ మాత్రం క్యాంపస్‌లో లేకుండానే ఉండిపోయింది.

ఎన్నికల సంఘం చేతనైన పని అది చేస్తోంది. 2011 నుంచి జనవరి 25ను జాతీయ ఓటర్ల దినోత్సవంగా జరుపుతున్నారు, 17 ఏళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు, 18 ఏళ్లు నిండాయో లేదో చూసే అర్హత తేదీలను ఏడాదికి నాలుగు చేశారు. ఫలితంగా 2023 శాసనసభ ఎన్నికల నాటికి తెలంగాణ జాబితాలో 18-19 ఏళ్ల ఓటర్లు దాదాపు 10 లక్షలకు చేరారు. అయితే అదే ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లా పోలింగ్ 50 శాతం దాటలేదు. జాబితాలో పేరు చేర్చడం ఒక క్యాంపు పెడితే అయ్యే పని. ఓటు వేసి తీరాలన్న పట్టుదల క్యాంపులో పుట్టదు.

హైదరాబాద్‌లోనే దీనికి భిన్నమైన చోటు ఒకటుంది. 1969, 1972 ఉద్యమాలను చల్లార్చడానికి 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకం ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని వాగ్దానం చేసింది, మరుసటి ఏడాది హైదరాబాద్ విశ్వవిద్యాలయం పుట్టింది. విద్యార్థుల వీధి పోరాటానికి పరిహారంగా వచ్చిన ఆ క్యాంపస్‌లోనే, రాష్ట్ర ప్రభుత్వ పరిధిలో లేనందువల్ల, విద్యార్థి సంఘం ఎన్నికలు కొనసాగాయి. అక్కడా అన్యాయాలు లేకపోలేదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణం దేశమంతటినీ కదిలించింది. ఆ క్యాంపస్‌లో అంబేడ్కర్ విద్యార్థి సంఘం, వామపక్షాలు, ఏబీవీపీ ఓట్ల కోసం తలపడుతూనే ఉన్నాయి.

2025 మార్చిలో ఈ తేడా ఒకే నగరంలో పక్కపక్కన కనిపించింది. ఉస్మానియా అధికారులు విభాగాలు, పరిపాలనా భవనాల ఆవరణల్లో ధర్నాలు, నినాదాలు కూడదని సర్క్యులర్ ఇచ్చారు. దానిపై నిరసన తెలపడానికి విద్యార్థులకు తమ తరఫున ఎన్నికైన ప్రతినిధి లేడు. ఎవరి సంఘం వారు, ఎవరి జెండా వారు పట్టుకుని వచ్చారు. ఆ నెలాఖరులో గచ్చిబౌలి వైపు, హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో యంత్రాలతో చెట్లు కొట్టడం మొదలైనప్పుడు, ఆ విశ్వవిద్యాలయంలో ఎన్నికైన విద్యార్థి సంఘం ఇతర సంఘాలతో కలిసి తరగతుల బహిష్కరణకు పిలుపునిచ్చింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను ఆపమని ఆదేశించింది.