టైరు బాగానే ఉంది, గాలి మాత్రం నిలవదు

టైరు చుట్టూ వేళ్లతో తడిమి చూసినా మేకు తగలదు, గాజుపెంకు కనిపించదు. అయినా గాలి నింపిన రెండు మూడు రోజులకే చక్రం మళ్లీ మెత్తబడుతుంది. ఇలాంటప్పుడు చాలామంది టైరునే అనుమానిస్తారు, పాతబడిందనుకుని కొత్తది వేయించేవారూ ఉన్నారు. కానీ ముందుగా చూడవలసింది రిమ్ములోంచి బయటికి పొడుచుకొచ్చిన ఆ పొట్టి గొట్టాన్ని, అంటే గాలి నింపే వాల్వును. మోటారు సైకిలుకు ఉన్నవి రెండే చక్రాలు. వాటిలో ఏ ఒక్కటి గాలి కోల్పోయినా బండి నిలకడ తప్పుతుంది. అంత గాలికీ కాపలా కాసేది వాల్వే. గొలుసుకు నూనె పట్టించేవారు, బ్రేకులు చూపించుకునేవారు కూడా దాన్ని పట్టించుకోరు. వాల్వు ఎప్పటికీ ఉండిపోయే భాగం కాదనీ, టైరుతో పాటే దాని ఆయుష్షూ తీరుతుందనీ గట్టిగా చెప్పడానికే ఈ వ్యాసం.

మోటారు సైకిళ్లలో వాడేది ష్రేడర్ వాల్వు. జర్మనీలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఆగస్ట్ ష్రేడర్ సంస్థ నుంచి వచ్చిన ఈ వాల్వుకు 1893లో అమెరికాలో పేటెంటు లభించింది. కార్లకూ, ఎన్నో సైకిళ్లకూ ఇదే. బయటి గొట్టం లోపల మరతో బిగించిన చిన్న పిన్ను ఉంటుంది. ఆ పిన్ను మధ్యలో సన్నని సూది, సూది అడుగున మెత్తని బిళ్ల, ఆ బిళ్లను మూసి ఉంచే స్ప్రింగు ఉంటాయి. గాలి కొట్టేటప్పుడు సూది లోపలికి నొక్కుకుంటుంది, బిళ్ల పక్కనుంచి గాలి లోపలికి వెళుతుంది. పంపు తీయగానే స్ప్రింగు బిళ్లను తిరిగి దాని చోట కూర్చోబెడుతుంది. ఆపైన లోపలి గాలే దాన్ని అదిమి పట్టుకుంటుంది. టైరులో ఒత్తిడి ఎంత ఎక్కువైతే బిళ్ల అంత గట్టిగా మూసుకుంటుంది. తప్పించుకోవాలని చూసే గాలి చేతనే తలుపు వేయించిన ఈ ఆలోచన నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

గాలి పోయే దారులు మూడు: పిన్నులోని బిళ్ల దగ్గర, గొట్టం గోడలో పడిన పగులులోంచి, గొట్టం రిమ్మును తాకే మొదట్లోంచి. ట్యూబు టైరయితే ఈ మూడోది ట్యూబుకు గొట్టం అతుక్కున్న చోటు అవుతుంది. ఏ దారిలో పోతోందో కనిపెట్టడానికి సబ్బు నీళ్లు చాలు. మూత తీసి గొట్టం కొసన ఒక చుక్క వేసి, కదపకుండా అర నిమిషం చూడాలి. నీటి పొర మెల్లగా ఉబ్బి బుడగ కడితే పిన్ను కారుతున్నట్టు. కొసన ఏమీ లేకపోతే గొట్టం మొదలు దగ్గర నీళ్లు పోసి, గొట్టాన్ని బొటనవేలితో మెల్లగా ఒక పక్కకు వంచాలి. ఈ వంచడమే పరీక్షలో ముఖ్యమైన భాగం. నిటారుగా ఉన్నప్పుడు పగులు అంచులు ఒకదానికొకటి ఆనుకుని గాలిని ఆపేస్తాయి. వంచగానే అవి విచ్చుకుని, నల్లని రబ్బరు మీద వెంట్రుక మందాన గీతలు బయటపడతాయి, వాటి వెంట సన్నని నురగ లేస్తుంది. ట్యూబు వాల్వుకు టైరు లోపల దాగి ఉండే మొదలు మాత్రం ఇలా కనపడదు. చక్రం విప్పి, ట్యూబును నీళ్లలో ముంచి చూడవలసిందే.

పరీక్షకు ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ తగ్గితే టైరులో ఒత్తిడి దానంతట అదే సుమారు 0.1 బార్, అంటే ఒకటిన్నర పీఎస్‌ఐ దాకా పడిపోతుంది. మధ్యాహ్నం వేడి టైరులో కొలిచి, తెల్లవారుజామున చల్లని టైరులో మళ్లీ కొలిచి, గాలి కారుతోందని బెంగపడనక్కరలేదు. రెండు కొలతలూ చల్లని టైరులోనే తీసుకోవాలి.

పిన్ను చెడితే అది చిన్న విషయమే. బిళ్ల కింద ఇసుక రేణువు చిక్కుకోవచ్చు, బిళ్ల గట్టిపడిపోవచ్చు, లేదా పిన్ను కాస్త వదులై ఉండవచ్చు. పంక్చరు మందు పోసిన టైరులోనైతే ఆ జిగురే పిన్నులో గడ్డకడుతుంది. పిన్ను విప్పే చిన్న తాళం చేతిలో ఉంటే అయిదు నిమిషాల్లో కొత్తది వేయవచ్చు. అయితే బలం చూపించకూడదు. పిన్ను బిగించడానికి వేలికొసల బలం, ఆపైన చిన్న విసురు చాలు. గట్టిగా తిప్పితే లోపలి మర చెడుతుంది, అప్పుడు గొట్టమే మార్చాల్సి వస్తుంది.

గొట్టం సంగతి వేరు. దాని మీద పడే భారం ఎంతో లెక్క వేస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. 17 అంగుళాల చక్రం ఉన్న బండి గంటకు 100 కి.మీ. వేగంతో పోతోందనుకుందాం. చక్రం సెకనుకు 14 సార్లకు పైగా తిరుగుతుంది. ఇరుసు నుంచి వాల్వు సుమారు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ చోట వస్తువులను ఇరుసు నుంచి బయటికి తోసే అపకేంద్ర త్వరణం భూమ్యాకర్షణకు 160 రెట్లకు పైగా వస్తుంది. 10 గ్రాముల వస్తువును గొట్టం కొసన తగిలిస్తే అది కిలోన్నరకు మించిన బరువుతో గొట్టాన్ని అదుముతుంది. వేగం రెట్టింపయితే బరువు నాలుగింతలవుతుంది. గాలి ఒత్తిడిని ఫోనులో చూపించే సెన్సర్లను చాలామంది మూత స్థానంలో బిగించుకుంటున్నారు. పరికరం మంచిదే, కానీ దాన్ని మామూలు రబ్బరు గొట్టం మీద పెట్టడం నాకు సమ్మతం కాదు. గొట్టం ఇరుసు వైపు సూటిగా ఉన్నంతవరకూ బరువు దాన్ని రిమ్ములోకే నొక్కుతుంది. ఏ కాస్త ఒరిగినా అదే బరువు దాన్ని ఇంకా ఒరిగేలా తోస్తుంది. బండి వేగం అందుకున్న ప్రతిసారీ వంగుతూ, ఆగిన ప్రతిసారీ లేస్తూ, గొట్టం మొదలు దగ్గర రబ్బరు అలసిపోతుంది. అలాంటి సెన్సరు కావాలంటే లోహపు వాల్వు వేయించుకోవాలి.

ఈ అపకేంద్ర బలం పిన్ను మీద కూడా పనిచేస్తుంది. మనం వేలితో సూదిని ఏ వైపు నొక్కి గాలి వదులుతామో, తిరిగే చక్రం కూడా దాన్ని ఆ వైపే తోస్తుంది. మామూలు వేగాల్లో స్ప్రింగూ లోపలి గాలీ కలిసి దాన్ని తేలికగా ఆపేస్తాయి. చాలా ఎక్కువ వేగాల్లో ఆ మిగులు తగ్గిపోతుంది. అందుకే లోపల రబ్బరు వలయం ఉన్న మూతను వేగంగా నడిపేవారు తప్పనిసరిగా వాడతారు. నిదానంగా నడిపేవారికీ మూత అవసరమే. బురదనూ దుమ్మునూ ఆపి, పిన్ను కారితే రెండో అడ్డుగా నిలిచేది అదే. గొట్టం పక్కకు వంగి ఉండే వాల్వులో సూది అడ్డంగా కూర్చుంటుంది కనుక ఈ చిక్కు ఉండదు. గాలి పట్టడమూ సులువే. కానీ పక్కకు చాచుకున్న ఆ భాగం బరువు మొదలును ఎప్పుడూ వంచుతూనే ఉంటుంది. అందువల్ల వంపు వాల్వు లోహానిదైతేనే మేలు.

రబ్బరుకు మరో శత్రువు గాలిలోనే ఉంది. అది ఓజోన్, ఆక్సిజన్‌కే మరో రూపమైన వాయువు. నేలమట్టపు గాలిలో ఇది పది కోట్ల భాగాలకు నాలుగైదు భాగాలే ఉండవచ్చు, అయినా పని కానిస్తుంది. సహజ రబ్బరులోనూ, టైర్లలో వాడే మరికొన్ని రబ్బర్లలోనూ పొడవైన కార్బన్ గొలుసుల్లో ద్విబంధాలు, అంటే పరమాణువుల మధ్య జంట బంధాలు, ఉంటాయి. ఓజోన్ వాటిని పట్టి తెంచుతుంది. విచిత్రమేమిటంటే, సాగకుండా ఉన్న రబ్బరులో ఈ దాడి వల్ల పగుళ్లు పడవు. సాగి ఉన్న చోటే, సాగిన దిశకు అడ్డంగా చీలికలు వస్తాయి. వాల్వు పగుళ్లు రిమ్ము రంధ్రం అంచునే ఎందుకు మొదలవుతాయో దీన్ని బట్టి అర్థమవుతుంది. అక్కడ రబ్బరు బిగుసుకుని, వంగి, సాగి ఉంటుంది. దీన్ని అడ్డుకోవడానికి తయారీదారులు రబ్బరులో మైనాన్నీ, ఓజోన్‌ను ఎదుర్కొనే రసాయనాలనూ కలుపుతారు. అవి మెల్లగా ఉపరితలానికి చేరి పొరలా కాపాడతాయి. ఆ పాళ్లు కుదరకపోతే ఏమవుతుందో 2008లో తెలిసివచ్చింది. ఏడాది రెండేళ్లు కూడా నిండని రబ్బరు వాల్వులు మొదలు దగ్గర పగులుతున్నాయని అమెరికాలో లక్షల సంఖ్యలో వాటిని వెనక్కి రప్పించవలసి వచ్చింది. కొత్తగా మెరిసినంత మాత్రాన వాల్వు మంచిదని నమ్మడానికి లేదు. స్పార్కులు వచ్చే విద్యుత్ మోటార్ల దగ్గర ఓజోన్ పుడుతుంది కాబట్టి విడి ట్యూబులను అలాంటి చోట దాచకూడదు.

ఊచల చక్రాల్లో ట్యూబు వాల్వు చిరగడానికి కారణం వేరే. గాలి తక్కువగా ఉన్న టైరు రిమ్మును గట్టిగా పట్టుకోలేదు. బ్రేకు వేసినప్పుడో, వేగం పెంచినప్పుడో టైరు రిమ్ము మీద కొంచెం జరుగుతుంది. దానితో పాటు ట్యూబూ జరుగుతుంది. గొట్టం మాత్రం రంధ్రంలో చిక్కుకుని ఉండిపోతుంది. నిటారుగా ఉండవలసిన గొట్టం ఒక వైపు వాలి కనిపిస్తే ఇదే జరుగుతోందన్నమాట. ఇంకొంత జరిగితే గొట్టం మొదలంటా చిరుగుతుంది, అక్కడ అతుకు నిలవదు. ఇక్కడే చాలామంది మేలు చేస్తున్నామనుకుని కీడు చేస్తారు: గొట్టం మీది నట్టును రిమ్ముకు ఆనించి బిగిస్తారు. అలా బిగిస్తే గొట్టం వాలలేదు, హెచ్చరిక కనపడదు, లాగుడంతా మొదలు మీదే పడుతుంది. మట్టిదారుల్లో నడిపేవారు ఆ నట్టును పైకి తిప్పి మూతకు ఆనించి వదిలేస్తారు. ఈ అలవాటు రోడ్డు బండికీ పనికొస్తుంది. గొట్టం వాలిందని గమనిస్తే, గాలి పూర్తిగా తీసి ట్యూబును సరిచేసి, బండి తయారీదారు చెప్పిన ఒత్తిడికి నింపాలి.

నడుస్తుండగా వాల్వు మొదలంటా తెగితే గాలి క్షణాల్లో పోతుంది. ముందు చక్రమైతే హ్యాండిల్ బరువెక్కి మాట వినదు. వెనుకదైతే బండి వెనుక భాగం అటూ ఇటూ ఊగుతుంది. చేయకూడని పని గట్టిగా బ్రేకు వేయడం, అందులోనూ గాలి పోయిన చక్రానికి వేయడం. యాక్సిలరేటరును మెల్లగా వదిలి, బండిని వంచకుండా నేరుగా ఉంచి, గాలి ఉన్న చక్రం బ్రేకును మాత్రమే సున్నితంగా వాడుతూ రోడ్డు పక్కకు చేరాలి.

మార్పించేటప్పుడు రిమ్ము రంధ్రం కొలత ముఖ్యం. మోటారు సైకిళ్లలో సుమారు 8 మిల్లీమీటర్ల రంధ్రాలూ, సుమారు 11 మిల్లీమీటర్ల రంధ్రాలూ ఎక్కువ. ఒకదానికి చేసిన వాల్వు మరోదానిలో సరిగా కూర్చోదు. రబ్బరు వాల్వును సబ్బు నీళ్లతో తడిపి, లోపలి నుంచి పెట్టి బయటికి లాగితే దాని గాడి రంధ్రం అంచున కూర్చుంటుంది. పొడిగా లాగితే అక్కడే కంటికి కనపడని చీలిక పడుతుంది. లోహపు వాల్వుకు అడుగున రబ్బరు వలయం ఉంటుంది. దాని నట్టును అతిగా బిగిస్తే వలయం నలిగిపోతుంది. అల్యూమినియం గొట్టంలో మామూలు ఇత్తడి పిన్ను పెట్టకూడదు, నికెల్ పూత ఉన్నదే పెట్టాలి. ఉప్పు తడి తగిలితే రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి పిన్ను అతుక్కుపోతుంది, తీయబోతే గొట్టమే విరుగుతుంది. ఇవన్నీ చేయాలంటే టైరు అంచును రిమ్ము నుంచి విడదీయక తప్పదు. కాబట్టి కొత్త టైరు వేయించే రోజునే వాల్వునూ మార్పించుకుంటే విడిగా శ్రమ ఉండదు.

దారి మధ్యలో ట్యూబ్‌లెస్ చక్రం వాల్వు తెగితే పంక్చరు పుల్లలు దానికి పనికిరావు. తెగిన ముక్కను రిమ్ములోంచి పూర్తిగా తీసేసి, అదే కొలత ట్యూబును టైరులో పెట్టి, దాని గొట్టాన్ని ఆ రంధ్రంలోంచి బయటికి తీసి గాలి నింపుకోవచ్చు. అలా ట్యూబు పెట్టిన చక్రంతో నెమ్మదిగా, కొత్త వాల్వు దొరికే చోటు దాకా మాత్రమే వెళ్లాలి.