పాదరసం డిటెక్టర్ ఎవరిది? బోస్–మార్కోనీ వివాదం వెనుక కథ

వైర్‌లెస్ ఎవరు కనిపెట్టారన్న గొడవ మళ్లీ రాజుకుంది. 1895లో జగదీశ్ చంద్రబోస్ కలకత్తా టౌన్‌హాల్‌లో చేసిన ప్రదర్శన, తీగ లేకుండా తరంగంతో గోడ అవతల మోగిన గంట అందరూ విన్నవే. అసలు చిక్కుముడి 1901 డిసెంబరు 12న పడింది. ఆ రోజు నేటి కెనడాలో ఉన్న న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్ మీద ఇటలీ ఆవిష్కర్త మార్కోనీ గాలిపటంతో తీగను పైకెత్తి, టెలిఫోన్ రిసీవర్ చెవికి ఆనించుకుని, అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చిన మూడు టిక్కులు విన్నానన్నారు. తరంగాన్ని పట్టి చెవికి అందించిన ఆ చిన్న డిటెక్టర్ ఎవరిది?

మార్కోనీకి దాన్ని ఇచ్చింది ఇటలీ నౌకాదళ అధికారి లూయిజీ సోలారి. గాజు గొట్టంలో పాదరసపు చుక్క, దానికి అటూ ఇటూ ఇనుము లేదా కార్బన్ ముక్కలు. మార్కోనీ సెప్టెంబరులోనే బ్రిటన్‌లో దానికి తన పేరిట పేటెంటు దరఖాస్తు పెట్టి, తర్వాత సోలారి పేరు చేర్చారు. అది సోలారిదీ కాదు, కాస్టెల్లి అనే సిగ్నల్‌మ్యాన్‌దని ఇటలీలోనే రచ్చ అయింది.

కానీ 1899 ఏప్రిల్ 27నే లండన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ముందు జగదీశ్ చంద్రబోస్ పత్రం ఉంది. తరంగాన్ని పసిగట్టే పాత పరికరమైన కోహెరర్‌లో తరంగం తగలగానే లోహపు రజను అతుక్కుపోయేది. విడిపోవాలంటే ప్రతిసారీ తట్టాలి. బోస్ చిన్న గిన్నెలో పాదరసం పోసి, పైన పల్చటి నూనె పొర ఉంచి, మర (స్క్రూ) తిప్పుతూ ఇనుప బిళ్లను ఆ పొర మీదికి దించారు. తట్టే పనే లేదు, తనంతట తానే సర్దుకుంటుంది. సోలారి ఇచ్చిన గొట్టం ఆకారం వేరైనా కిటుకు ఇదే. 1998లో ఇంజనీర్ల సంఘం ఐట్రిపుల్ఈ (IEEE) పత్రికలో ప్రొబీర్ బంద్యోపాధ్యాయ్ వాదించిందీ ఇదే.

కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో బోస్‌కు సరైన ల్యాబ్ లేదు. పరికరాలు స్థానిక రేకుపనివాడితో చేయించుకున్నారు. చిన్న బల్ల మీదే ప్రయోగం సాగాలంటే తరంగమూ పొట్టిదవ్వాలి. అలా 5 మిల్లీమీటర్ల దాకా దిగారు. రైల్వే టైంటేబుల్ పేజీల మధ్య తగరపు రేకులు పెడితే అదే పోలరైజర్, అంటే ఒకే దిశలో కంపించే తరంగాన్ని వడకట్టే సాధనం. ఆ పొదుపే ఆయన పనికి పదును పెట్టిందని నా నమ్మకం. 1901 మేలో ఓ పెద్ద టెలిగ్రాఫ్ కంపెనీ యజమాని పేటెంటు ఫారంతో వస్తే బోస్ ఒప్పుకోలేదు. ఆ డబ్బు వలలో పడితే ఇక బయటపడే దారి ఉండదని టాగోర్‌కు రాశారు. మిత్రురాలు సారా బుల్ పట్టుబట్టి వేయించిన మరో డిటెక్టర్ పేటెంటు 1904లో అమెరికాలో వచ్చినా, దాన్నీ ఆయన వాడుకోలేదు.

బోస్ సందేశాలు పంపే వ్యవస్థను కట్టలేదన్నది మార్కోనీ పక్షం మాట. నిజమే.

మార్కోనీ పేటెంటు చెల్లదందంటూ ఫార్వర్డుల్లో తిరిగే 1943 అమెరికా సుప్రీంకోర్టు తీర్పు మాత్రం ఈ గొడవకు పనికిరాదు. అక్కడ కావలసిన తరంగానికే పరికరాన్ని సర్దే మార్కోనీ ట్యూనింగ్ పేటెంటును లాడ్జ్, టెస్లా, స్టోన్ అనే ఇతర ఆవిష్కర్తల ముందటి పనితో పోల్చి చూశారు. పాదరసం డిటెక్టర్ ఊసు ఆ కేసులో లేదు. బోస్ తరఫున వాదించేవాళ్లు ముందు చూపించాల్సింది 1899 పత్రాన్ని.