పాపాయి పళ్ల సంగతి అమ్మ నోటి దగ్గరే మొదలవుతుంది

కడుపులో బిడ్డ తల్లి పళ్లలోంచి కాల్షియం లాగేసుకుంటుందని, అందుకే కాన్పయ్యాక పళ్లు పాడవుతాయని ఇప్పటికీ చాలామంది గట్టిగా నమ్ముతారు. అది జరిగే పని కాదు. పంటి పైపొర ఎనామిల్‌లో రక్తనాళాలు ఉండవు, ప్రాణమున్న కణాలూ ఉండవు, అక్కడి కాల్షియాన్ని వెనక్కి తీసుకునే దారే శరీరానికి లేదు. కావలసినప్పుడు ఎముకల్లోంచి తీసుకుంటుంది, పాలు మాన్పించాక ఆ లోటు చాలావరకు పూడిపోతుంది కూడా.

మరి పళ్లెందుకు పాడవుతాయి? వేవిళ్లలో వాంతి అయిన ప్రతిసారీ కడుపులోని ఆమ్లం పళ్లకు తగులుతుంది. నోరు బాగాలేదని వెంటనే బ్రష్ చేస్తే మెత్తబడ్డ ఎనామిల్ అరుగుతుంది, అందుకని వంటసోడా కాస్త కలిపిన నీళ్లతో పుక్కిలించి, అరగంటో గంటో ఆగి బ్రష్ చేసుకోవాలి. హార్మోన్ల వల్ల చిగుళ్లు కొంచెం పాచికే ఉబ్బి రక్తం కారతాయి. రక్తం చూసి భయపడి చాలామంది అక్కడ బ్రష్ ఆనించడమే మానేస్తారు, దాంతో పాచి ఇంకా పేరుకుంటుంది. కాన్పయ్యాక ఇక చెప్పక్కర్లేదు, నిద్ర ఉండదు, వేళకు తిండి ఉండదు, రాత్రి బ్రషింగ్ ఎవరికి గుర్తుంటుంది!

ఇది తల్లితోనే ఆగిపోదు. పుచ్చుకు ముఖ్య కారకుల్లో ఒకటైన స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ బ్యాక్టీరియా బిడ్డకు పెంచేవాళ్ల లాలాజలం నుంచి, ఎక్కువగా తల్లి నుంచే చేరుతుంది. ఫిన్లాండ్‌లో ఈ బ్యాక్టీరియా ఎక్కువున్న తల్లుల చేత, బిడ్డకు 3 నెలలప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్ నమిలించారు. 2000లో వచ్చిన ఫలితాల్లో, ఐదేళ్ల వయసుకి ఆ పిల్లల్లో పుచ్చు, ఫ్లోరైడ్ వార్నిష్ పూయించుకున్న తల్లుల పిల్లలతో పోలిస్తే దాదాపు 70 శాతం తక్కువ. గమ్ నమిలింది తల్లులు, బాగుపడింది పిల్లల పళ్లు! అలాగని గమ్ కోసం పరుగెత్తమని కాదు, తల్లి తన పుచ్చుపళ్లకు ముందు వైద్యం చేయించుకోవడం అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం. ముద్దులు కూడా మానక్కర్లేదు, ఎందుకంటే చక్కెర దొరక్కపోతే ఆ బ్యాక్టీరియా ఒక్కటే పెద్దగా ఏమీ చేయలేదు.

బిడ్డ పై పెదవి మెల్లగా ఎత్తి ముందు పళ్లు చూడండి. చిగురును ఆనుకుని సుద్ద రాసినట్టు మెరుపు లేని తెల్లటి గీత కనిపిస్తే అది పుచ్చుకు తొలి గుర్తు, ఆ దశలో ఫ్లోరైడ్‌తో వెనక్కి మళ్లించవచ్చు. గోధుమరంగుకి తిరిగి గుంట పడితే ఆ అవకాశం పోయినట్టే. పాలు తాగేటప్పుడు కింది పళ్లను నాలుక కప్పి ఉంచుతుంది, పై పళ్లకు ఆ రక్షణ లేదు. పైగా నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది కాబట్టి, సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే ఆ పాలు, అంతకంటే ఘోరంగా జ్యూస్, గంటల తరబడి అక్కడే ఉంటాయి. తల్లిపాలను దీనితో కలిపి తిట్టకండి. ఏడాది దాటాక, వేరే తీపి తిండి మొదలయ్యాక, రాత్రంతా తాగుతుంటే మాత్రం జాగ్రత్త పడాలి.

మొదటి పన్ను సాధారణంగా ఆరో నెల అటూఇటూ వస్తుంది. ఆ రోజు నుంచే రోజుకు రెండుసార్లు, బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో తోమాలి. మూడేళ్లు నిండాక బఠాణీ గింజంత. మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి డెంటిస్టుకి చూపిస్తే మంచిది. పళ్లొస్తున్నాయి కదా అని ఎక్కువ జ్వరాన్ని వదిలేయొద్దు, దానికి వేరే కారణం ఉండి ఉంటుంది. బెంజోకెయిన్ అనే తిమ్మిరెక్కించే మందు ఉన్న చిగుళ్ల జెల్స్ రెండేళ్ల లోపు పిల్లలకు అసలు పూయకూడదు, రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని అవి దెబ్బతీసే ప్రమాదం ఉంది.

పాలిస్తున్నాను కదా, పన్ను పీకించుకోవచ్చా అని టెన్షన్ పడే అమ్మలకు: మత్తుకిచ్చే లిడొకెయిన్ పాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది, నొప్పికి పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ మామూలుగా వాడతారు. పాలిస్తున్న సంగతి డాక్టరుకి ముందే చెప్పండి, ఆ పూట పాలు మానక్కర్లేదు.