సికిల్ సెల్ చీటీలో ఏముంది, ఏం లేదు: సిరొంచ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

మా దగ్గర రక్తపరీక్ష చీటీ మూడు భాషల మధ్య నలిగిపోతుంది. చీటీ మీద అక్షరాలు ఇంగ్లీషువి. దాన్ని చదివి చెప్పే నర్సు మరాఠీలో చెబుతుంది. వినే తల్లికి తెలిసింది తెలుగో, ఇక్కడి గిరిజన భాష మాడియానో. ప్రాణహిత గోదావరిలో కలిసే ఈ మూలన, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, పదిహేడేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. నేను తీసిన రక్తంలో సికిల్ సెల్ ఎంతమందికి బయటపడిందో, ఆ చీటీని తప్పుగా అర్థం చేసుకుని నష్టపోయినవాళ్లు దాదాపు అంతమంది ఉంటారు. ఈ రాత వాళ్ల కోసం.

ముందు తల్లిదండ్రుల నుంచి వచ్చే ఈ రక్త జబ్బు గురించి నాలుగు మాటలు. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు ఒకటి ఉంటుంది. అందులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. అక్కడ వాలిన్ వచ్చి కూర్చోవడమే ఈ జబ్బుకు మూలం. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని, గుండ్రటి కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. భరించలేని నొప్పి అందుకే వస్తుంది. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతికితే, ఇది 10 నుంచి 20 రోజుల్లోనే పగిలిపోతుంది. రక్తం తగ్గడం, కళ్లు పచ్చబడడం అందువల్లే. అణువులోని లోపమే జబ్బుకు కారణమని అమెరికా శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ బృందం 1949లో చూపించింది. మన దేశంలో ఈ లక్షణాన్ని నీలగిరి గిరిజనుల్లో గుర్తించి 1952లో ప్రకటించారు.

అపోహ: “సికిల్ పాజిటివ్ అని రాశారు, అంటే జబ్బు ఉన్నట్టే.”

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. శిబిరాల్లో మొదట చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. గొట్టంలోని ద్రావణంలో కాస్త రక్తం కలిపి, వెనక గీతలున్న కాగితం పెడతాం. గీతలు కనిపిస్తే సికిల్ హిమోగ్లోబిన్ లేనట్టు. ద్రావణం మసకబారి గీతలు కనిపించకపోతే ఉన్నట్టు. ఈ పరీక్ష చెప్పగలిగింది అంతవరకే. ఆ మనిషి రోగా, వాహకుడా అన్నది ఇది తేల్చలేదు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే లోపం వస్తే ఏఎస్, అంటే వాహకుడు. ఇద్దరి నుంచీ వస్తే ఎస్‌ఎస్, అంటే జబ్బు. ఈ తేడా తెలియాలంటే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ చేయాలి.

ఏఎస్ ఉన్నవాళ్లు పొలం పని చేస్తారు, పిల్లల్ని కంటారు, నిండు ఆయుష్షు బతుకుతారు. సాధారణంగా వాళ్లకు మందు అక్కర్లేదు.

కొన్నేళ్ల కిందట ఒక శిబిరంలో ఎవరో చీటీ మీద ‘సికిల్ పాజిటివ్’ అని మాత్రమే రాసి, పెళ్లి మాటలు నడుస్తున్న ఒక అమ్మాయి చేతిలో పెట్టారు. సంబంధం ఆగిపోయింది. మూడు నెలల తరువాత నిర్ధారణ పరీక్ష ఫలితం ఏఎస్ అని వచ్చింది. అబ్బాయి ఏఏ, అంటే ఏ లోపమూ లేనివాడు. వాళ్లిద్దరికీ పెళ్లయితే ఒక్క బిడ్డకు కూడా ఈ జబ్బు వచ్చే అవకాశం లేదు. ఆ ఫలితం తెలిసేలోపే అబ్బాయికి వేరే సంబంధం కుదిరింది. ఆనాటి నుంచి నేను ‘పాజిటివ్’ అన్న మాట రాయడం మానేశాను. ‘వాహకుడు, జబ్బు లేదు’ అని తెలుగులోనూ మరాఠీలోనూ పూర్తిగా రాసి, చదివి వినిపించి, వాళ్లచేత తిరిగి చెప్పించుకున్నాకే చీటీ ఇస్తున్నాను.

ఇప్పుడు కొంత మేలు జరిగింది. వేలి నుంచి ఒక్క చుక్క తీసుకుని, గర్భ పరీక్ష పట్టీలాంటి దాని మీద వేస్తే, పావుగంటలోపే ఏ, ఎస్ హిమోగ్లోబిన్‌లను వేరువేరు గీతలుగా చూపించే పరికరాలు వచ్చాయి. కరెంటు అక్కర్లేదు. వాగు దాటి వెళ్లాల్సిన ఊళ్లకు ఇంజనీర్లు చేసిన గొప్ప మేలుగా దీన్ని చూస్తాను. ఒక్క జాగ్రత్త ఉంది. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లకు ఈ పరీక్షల్లో ఏదయినా దాత రక్తాన్ని కూడా కలిపి చూపిస్తుంది. అందుకే ఆ సంగతి ముందే మాకు చెప్పాలి. ఆరు నెలల లోపు పసిబిడ్డలకు సాల్యుబిలిటీ పరీక్ష నమ్మదగినది కాదు.

అపోహ: “నలుగురిలో ఒకరికి వస్తుందన్నారు. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తరువాతి ముగ్గురికీ భయం లేదు.”

ఈ లెక్క నమ్మి మూడో బిడ్డకూ ఎస్‌ఎస్ వచ్చాక నా ముందు కూర్చున్న దంపతులు ఉన్నారు. అందుకే నా బల్ల సొరుగులో ఎప్పుడూ రెండు చింతగింజలు ఉంటాయి. అష్టాచెమ్మా ఆడడానికి ఒకవైపు అరగదీసిన గింజలు. ఒకవైపు తెలుపు, రెండోవైపు నలుపు. ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. ఇద్దరూ ఏఎస్ అయితే ఇద్దరి గింజలకూ రెండు రంగులూ ఉన్నట్టే. వేయమంటాను. రెండూ నలుపు పడితే ఎస్‌ఎస్. రెండూ తెలుపు పడితే ఏమీ లేదు. ఒకటి తెలుపు, ఒకటి నలుపు అయితే వాహకం. పదిసార్లు వేయిస్తాను. ఒక్కోసారి వరసగా రెండుసార్లు నలుపే పడడం వాళ్లు తమ కళ్లతోనే చూస్తారు. పోయినసారి ఏం పడిందో గింజకు గుర్తుండదు. ప్రతి కాన్పుకూ నూటికి 25 వంతుల అవకాశం కొత్తగా మొదలవుతుంది.

ఆ గింజలు ఇంకో మంచి పని కూడా చేస్తాయి. బిడ్డకు జబ్బు రావడానికి కోడలే కారణమని మాట్లాడే అత్తగారి చేతికి కొడుకు గింజను ఇస్తాను. “అవ్వా, ఇది లేకుండా రెండు నలుపులు పడతాయా, చెప్పండి” అంటాను. చాలామంది మౌనంగా గింజ తిప్పి చూస్తారు. పరీక్షకు రానని భీష్మించుకున్న మగవాళ్లు ఆ తరువాత వచ్చి వేలు చాపిన రోజులున్నాయి. భార్యను ఒంటరిగా పరీక్షకు పంపి, తాను బయట బండి మీద కూర్చునే భర్తలకు నేను చెప్పేది ఒక్కటే: మీ రక్తం చూడనిదే లెక్క సగమే.

అపోహ: “ఇది గిరిజనుల జబ్బు.”

గోండు, మాడియా సమాజాల్లో వాహకులు ఎక్కువన్నది నిజం. విదర్భలో దళిత, బీసీ కులాల్లోనూ ఇది బాగానే కనిపిస్తుంది. కులం పేరు చూసి పరీక్ష వద్దనుకోకండి.

అపోహ: “కళ్లు పచ్చబడ్డాయి, కామెర్లే. పసరు పోస్తే, వాతలు పెడితే పోతాయి.”

కాలేయం చెడడం వల్ల వచ్చే కామెర్లు వేరు. ఎర్ర కణాలు పగలడం వల్ల వచ్చే పచ్చదనం వేరు. సికిల్ పిల్లల కళ్లు పచ్చబడతాయి, కొన్నాళ్లకు వాటంతటవే తేరుకుంటాయి. ఆ తేరుకోవడం పసరు ఖాతాలో పడుతుంది. పసరు తాగించి వాంతులు చేయిస్తే ఒంట్లో నీరు తగ్గుతుంది. నీరు తగ్గితే కణాలు ఇంకా వంగుతాయి. వాత పెట్టిన పుండు నుంచి సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. ఎస్‌ఎస్ పిల్లల్లో చాలామందికి ప్లీహం చిన్న వయసులోనే పనిచేయడం మానేస్తుంది కనుక ఆ సూక్ష్మజీవులను అడ్డుకునే కావలి ఉండదు. రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ మాత్ర ఇస్తే చిన్నపిల్లల్లో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని 1986లో అమెరికాలో వెలువడిన పరీక్ష చూపించింది. పొట్ట మీద వాతల మచ్చలతో వచ్చే పసిబిడ్డను చూసినప్పుడల్లా ఆ మాత్ర ఎంత చవకైనదో గుర్తొచ్చి కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: “రక్తం తక్కువుంది కాబట్టి ఐరన్ టానిక్కు తాగించాలి.”

ఇక్కడ రక్తం తగ్గింది ఇనుము చాలక కాదు, కణాలు త్వరగా పగలడం వల్ల. పగిలిన కణంలోని ఇనుము ఒంట్లోనే ఉండిపోతుంది. రక్తం ఎక్కించుకునేవాళ్లకైతే ఒక్కో సంచీతో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము అదనంగా చేరుతుంది. అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. ఇనుము నిజంగా తక్కువైన సికిల్ రోగులూ ఉంటారు కాబట్టి ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చేసి డాక్టరు చెబితేనే వాడాలి. రోజూ వాడాల్సింది ఫోలిక్ ఆమ్లం. బడిలో ఐరన్ మాత్రలు పంచే రోజున మీ బిడ్డ సికిల్ కార్డును టీచరుకు చూపించండి.

అపోహ: “సికిల్ ఉంటే మలేరియా రాదు.”

వాహకులకు ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియా తీవ్రం కాకుండా కొంత రక్షణ ఉంటుంది. 1954లో శాస్త్రవేత్త ఆంథొనీ ఆలిసన్ చూపించిన సంగతి అది. జబ్బున్న ఎస్‌ఎస్ వాళ్లకు మాత్రం మలేరియా వస్తే ప్రాణం మీదికే వస్తుంది. మన జిల్లాలో దోమతెర మొదట కట్టాల్సింది వాళ్ల మంచానికే.

అపోహ: “హైడ్రాక్సీయూరియా క్యాన్సర్ మందు. పిల్లలకు ఎలా ఇస్తాం?”

దీని మీద కొంచెం ఎక్కువగా రాస్తాను. ఎందుకంటే సికిల్ రోగులకు ఇచ్చే ఈ మందు ఉచితంగా దొరికినా అటక మీద పడి ఉండడానికి ఈ ఒక్క మాటే కారణం. సీసాతో వచ్చిన కాగితం చదివిన మేనమామో, మందుల దుకాణంలో ఎవరో ఒక మాట అంటారు. మరుసటి వారం నుంచి బిడ్డకు మందు ఆగిపోతుంది.

కొన్ని రక్త క్యాన్సర్లకు దీన్ని వాడతారు, నిజమే. సికిల్‌లో దీని పని వేరు. కడుపులో ఉన్నప్పుడు మనందరికీ వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది, పిండ హిమోగ్లోబిన్. పుట్టిన కొన్ని నెలలకు ఒళ్లు దాన్ని తయారుచేయడం దాదాపు ఆపేస్తుంది. పిండ హిమోగ్లోబిన్ బాగా ఉన్న కణం అంత తేలిగ్గా కొడవలిగా వంగదు. ఆగిపోయిన ఆ తయారీని ఈ మాత్ర మళ్లీ కొంత మొదలుపెడుతుంది. 1995లో వెలువడిన అమెరికా పరీక్షలో 299 మంది పెద్దవాళ్లు పాల్గొన్నారు. నొప్పి దాడుల మధ్యస్థ సంఖ్య మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో ఏడాదికి 4.5 ఉంటే, మందు వాడినవాళ్లలో 2.5 మాత్రమే ఉంది. వాళ్లనే 17 ఏళ్లకు పైగా గమనించినప్పుడు మందు వాడినవాళ్లలో మరణాలు తక్కువగా ఉన్నాయి. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండా పిల్లల మీద జరిగి 2019లో అచ్చయిన అధ్యయనంలో నొప్పులతో పాటు మలేరియా, రక్తం ఎక్కించాల్సిన అవసరం, మరణాలు కూడా తగ్గాయి. అది మనలాంటి మలేరియా ప్రాంతాల్లో జరిగిందని గమనించండి. మనకు దగ్గరలోని నాగపూర్‌లో వైద్యులు కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల తక్కువ మోతాదును పిల్లలకు ఇచ్చి చూసి, అది బాగా పనిచేసిందని 2012లో ప్రకటించారు.

మందుకు షరతులు ఉన్నాయి, దాచను. తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయేమో చూడడానికి క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించాలి. గర్భం కోరుకునే స్త్రీ ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి. మగవారిలో వీర్యకణాలు తగ్గవచ్చు. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. నొప్పి వచ్చిన రోజున వేసుకుని, తగ్గాక మానేసే మాత్ర ఇది కాదు.

అపోహ: “జన్యు చికిత్స వచ్చేసిందట. ఇక మాత్రలెందుకు?”

వార్త నిజం. క్రిస్పర్ పద్ధతితో జన్యువును సవరించే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. రోగి మూలకణాలను బయటికి తీసి, సవరించి, బలమైన కీమో మందులతో ఎముక మజ్జను ఖాళీ చేసి, మళ్లీ ఎక్కిస్తారు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు మన దేశంలోనే అలాంటి చికిత్సను తయారుచేసే పనిలో ఉన్నారు. అది మన పిల్లలకు అందాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఫోనులో ఆ వార్త చూపించి మాత్ర మానేస్తామన్న ఒక తండ్రికి నేను చెప్పిన మాట ఇక్కడా రాస్తాను. ఆ చికిత్స సికిల్ లోపాన్ని నేరుగా సరిదిద్దదు. పిండ హిమోగ్లోబిన్‌ను అణచిపెట్టే బీసీఎల్11ఏ అనే జన్యువును రక్త మూలకణాల్లో బలహీనపరుస్తుంది. దానితో పిండ హిమోగ్లోబిన్ తిరిగి వస్తుంది. అటక మీద మీరు పడేసిన మాత్ర తెరవడానికి ప్రయత్నించేదీ ఆ తలుపునే. ఆ చికిత్స ఎప్పటికైనా చేయించుకోవాలన్నా, అప్పటికి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, మెదడు బాగుండాలి. వాటిని ఇప్పుడు కాపాడేది ఆ మాత్రే.

అపోహ: “2047కల్లా సర్కారే నిర్మూలిస్తుంది.”

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ లక్ష్యం అదే. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు ఉన్న 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది అందులోని మొదటి మెట్టు. ఇది పోలియోలా చుక్కలతో పోయేది కాదు. పెళ్లికి ముందు ఇద్దరి కార్డులూ చూసుకోవడం, ఇద్దరూ వాహకులైతే గర్భం వచ్చిన తొలి నెలల్లోనే సలహాకు రావడం ఇంటివాళ్ల చేతిలో ఉన్న పనులు.

మిరప కోతల రోజులు దగ్గరపడుతున్నాయి. మన ఊళ్ల నుంచి గోదావరి వంతెన దాటి తెలంగాణ చేలకు వెళ్లే కుటుంబాల్లో ఎస్‌ఎస్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, మూటలో బియ్యంతో పాటు ఇవి కూడా కట్టండి: రెండు నెలలకు సరిపడా మాత్రలు, సికిల్ కార్డు, ప్రతి మనిషికీ విడిగా నీళ్ల సీసా. ఎండలో దాహం వేసేదాకా ఆగకుండా తాగాలి. తెల్లవారుజామున చలిలో ఒళ్లు కప్పుకోవాలి. జ్వరం 101 డిగ్రీలు దాటినా, ఛాతీ నొప్పితో ఆయాసం వచ్చినా, బిడ్డ ఉన్నట్టుండి పాలిపోయి ఎడమ డొక్క ఉబ్బినా, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పినా, కూలి పోతుందని చూడకుండా అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి. కుర్రాళ్లకు అంగం గంటల తరబడి బిగిసి నొప్పి పెడితే సిగ్గుపడి దాచుకోకూడదు. అదీ ఈ జబ్బు వల్లే, నాలుగు గంటలు దాటితే శాశ్వత నష్టం జరగవచ్చు. అక్కడి డాక్టరుకు మరాఠీ రాకపోవచ్చు. అందుకే కార్డు వెనక తెలుగులో రాయించుకోండి. రాసేవాళ్లు దొరకకపోతే వెళ్లే ముందు నా దగ్గరికి రండి, నేను రాసిస్తాను.