కుకీలు మెత్తబడితే రెసిపీని అనుమానించకండి

బేకింగ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళ దగ్గర నేను ఎక్కువగా వినే మాట ఇది: "నిన్న కరకరలాడాయండీ, పొద్దున్నకల్లా మెత్తబడ్డాయి. బటర్ ఎక్కువైందంటారా?" చాలాసార్లు బటర్ తప్పేమీ ఉండదు, మూత తొందరపడి పెట్టేసి ఉంటారు.

అపోహ: వేడి వేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే తాజాదనం పోదు.

వాస్తవం: పోకుండా ఉండిపోయేది ఆవిరి. ఓవెన్‌లోంచి తీశాక కూడా కుకీల నుంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. మూత పెట్టేస్తే అది చెమ్మగా మారి తిరిగి కుకీలకే పడుతుంది. కరకరలాడాల్సినవి సాగుతాయి, మెత్తటివాటికి బూజు త్వరగా వస్తుంది. పైపైన ముట్టుకుని చల్లారాయనుకోవద్దు, తిప్పి అడుగున చెయ్యి పెట్టి చూడండి. వైర్ ర్యాక్ మీద విడివిడిగా పరచండి. గోరువెచ్చగా ఉన్నా డబ్బాలో పెట్టొద్దు, మందంగా ఉన్నవాటికి గంట పట్టినా సరే. నా దగ్గరికి వచ్చే ఒకావిడ ఇదే టెన్షన్‌తో బటర్ తగ్గించింది, పిండి మార్చింది, చివరికి తనకి బేకింగ్ రాదని తేల్చేసుకుంది. ఆవిడ కుకీలు మొదటి నుంచీ బాగానే ఉన్నాయి! బాగా ఆరాక మూత పెట్టించాను, అంతే. మెత్తబడినవాటిని పారేయకండి. 150 డిగ్రీల ఓవెన్‌లో ఓ 5 నిమిషాలు ఉంచి, ఈసారి పూర్తిగా చల్లార్చండి.

ఫ్రిజ్‌లో పెడితే ఏదైనా తాజాగా ఉంటుందన్న ప్రచారం ఇకనైనా ఆగాలి. ఆ చలికి పిండిలోని స్టార్చ్ బిగుసుకుని మెత్తటి కుకీలు ఇంకా త్వరగా గట్టిపడతాయి. క్రీమ్, కస్టర్డ్ నింపినవి మాత్రం తప్పకుండా ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఎక్కువ రోజులు దాచాలంటే ఫ్రీజర్ మంచిది, మైనస్ 18 డిగ్రీల దగ్గర 2, 3 నెలలు రుచి బాగానే నిలుస్తుంది. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తెరవకండి, చెమ్మ డబ్బా పైనే పట్టి ఆగిపోతుంది.

మెత్తటివీ కరకరలాడేవీ ఒకే డబ్బాలో పెట్టొద్దు, వీటి తేమ వాటికి పోయి రెండూ పాడవుతాయి. కుకీలు మెత్తగా ఉండడానికి డబ్బాలో బ్రెడ్ ముక్క పెట్టే చిట్కా మెత్తటివాటికే, అదీ ఒక పూట ఉంచి తీసేస్తేనే.

బూజు లేదంటే బాగున్నట్టేనా? కాదు. బటర్, నట్స్ ఉన్నవి వేడికీ వెలుతురుకీ పాత నూనె వాసన వేస్తాయి, స్టవ్ పక్కన పెట్టకండి. బూజు చుక్క కనిపిస్తే గీకేసి తినొద్దు. అందులోవి పారేసి, డబ్బా కడిగి, తడి పూర్తిగా ఆరాకే మళ్ళీ వాడండి.